స్టైల్‌షీట్లలో పునరుక్తి: ఒక చారిత్రక పరిశీలన

అలంకారశాస్త్రం పునరుక్తిని కావ్యదోషాలలో ఒకటిగా లెక్కించింది. ప్రోగ్రాములు రాసేవారూ దానిని దోషంగానే భావిస్తారు. అయితే వారి భయం రసభంగం గురించి కాదు. ఒకే విలువ ఇరవై చోట్ల ఉంటే, మార్చవలసి వచ్చినప్పుడు ఏదో ఒకచోట మరచిపోవడం సహజం. వెబ్ పుటల రూపాన్ని నిర్దేశించే సి.ఎస్.ఎస్. భాష ఈ దోషాన్ని ఎదుర్కొన్న తీరును పరిశీలిస్తే, ఇది కోడ్ పొదుపుకు మాత్రమే సంబంధించిన సమస్య కాదని అర్థమవుతుంది. రంగు, కొలత వంటి విలువ ఏ దశలో ఖరారు కావాలన్నది అసలు ప్రశ్న.

1994 అక్టోబరులో, సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న హోకోన్ వియమ్ లీ ఈ భాషకు తొలి ప్రతిపాదన చేశాడు. తరువాత బెర్ట్ బోస్ అతనితో కలిశాడు. 1996 డిసెంబరు 17న దీని మొదటి స్థాయి డబ్ల్యు3సి సిఫారసుగా వెలువడింది. పునరుక్తిని తగ్గించే ఉపాయాలు అందులో లేకపోలేదు. పలు శీర్షికలను కామాలతో కలిపి ఒకే నియమం రాయవచ్చు. పుట మొత్తానికి ఇచ్చిన అక్షరశైలి లోపలి భాగాలకు వారసత్వంగా సంక్రమిస్తుంది. లేనిదల్లా విలువకు పేరు పెట్టే సౌకర్యమే. శీర్షిక నేపథ్యానికీ, లంకె రంగుకూ, పట్టిక అంచుకూ ఒకే ఎరుపు కావాలంటే ఆ సంఖ్యను మూడుసార్లు రాయవలసిందే. ఈ లోపాన్ని ఏమరుపాటుగా భావించలేము. చరరాశులు భాష సరళతను దెబ్బతీస్తాయని బోస్ 2008లో ఒక వ్యాసమే రాశాడు.

వెబ్ అప్లికేషన్ల అవసరాలు మాత్రం ఆగలేదు. ఒకే అప్లికేషన్‌ను పది సంస్థలు వాడుతూ, ఎవరి రంగులు వారికి కావాలన్నప్పుడు, కొందరు పీహెచ్‌పీ వంటి భాషలతో సర్వర్ మీదనే స్టైల్‌షీట్‌ను పుట్టించారు. 2006లో హాంప్టన్ కాట్లిన్ రూపకల్పన చేయగా నటాలీ వైజెన్‌బామ్ అభివృద్ధి చేసిన సాస్, 2009లో అలెక్సిస్ సెల్లియే తెచ్చిన లెస్ మరో మార్గం చూపాయి. విలువకు పేరు పెట్టడం, నియమాల గుచ్ఛాన్ని మిక్సిన్‌గా ఒకచోట రాసి పలుచోట్లకు పిలవడం వీటితో సాధ్యమైంది. ట్విటర్ ఉద్యోగులు మార్క్ ఓటో, జాకబ్ థార్న్‌టన్ 2011లో విడుదల చేసిన బూట్‌స్ట్రాప్ మొదట లెస్ మీద, నాలుగవ రూపం నుండి సాస్ మీద ఆధారపడింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఈ పరికరాలు మూలప్రతిని ముందుగానే మామూలు సి.ఎస్.ఎస్.గా అనువదిస్తాయి. పిలిచిన ప్రతిచోటా మిక్సిన్ నకలు దిగుతుంది. పేరు ఉన్నచోట సంఖ్య చేరుతుంది. రచయిత ప్రతిలో పునరుక్తి పోయింది. బ్రౌజర్‌కు చేరే ప్రతిలో మిగిలింది. పది సంస్థలకు పది స్టైల్‌షీట్లు తయారుచేసుకోవలసిన అవస్థా తప్పలేదు.

సి.ఎస్.ఎస్.లోనే వచ్చిన కస్టమ్ ప్రాపర్టీలు ఈ చిక్కును విప్పాయి. వీటి తొలి ముసాయిదా 2012లో వెలువడింది. ఫైర్‌ఫాక్స్ 2014లో, క్రోమ్ 2016లో వీటిని స్వీకరించాయి. వీటిని చరరాశులనడం వాడుకే గాని, అంత సరైన మాట కాదు. ఇవి వారసత్వంగా సంక్రమించే ధర్మాలు. విలువ బ్రౌజర్‌లో, పుట చూపే వేళ నిర్ణయమవుతుంది. స్టైల్‌షీట్ ఒక్కటే ఉంటుంది. సంస్థకొక రంగుల జాబితా చాలు. తెలుగు, ఇంగ్లీషు కలిసిన పుటలకు దీని ప్రయోజనం ప్రత్యేకమైనది. కింద వత్తులు, పైన గుడులు ఉండే తెలుగు పంక్తికి ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఎడం కావాలి. తెలుగు భాషగా గుర్తించిన భాగంలో పంక్తి ఎడం విలువను ఒక్కసారి మారిస్తే, ఆ పేరును వాడుకునే లోపలి భాగాలన్నీ దానినే గ్రహిస్తాయి. ముందే అనువాదమైపోయే సాస్ చరరాశికి ఈ శక్తి లేదు.

అయినా సాస్ అవసరం పూర్తిగా తీరలేదు. తెర వెడల్పును బట్టి నియమాలు మార్చే మీడియా క్వెరీ షరతులో కస్టమ్ ప్రాపర్టీ పనిచేయదు. అందువల్ల రంగులు, కొలతలు బ్రౌజర్‌కు అప్పగించినవారు కూడా ఆ వెడల్పుల హద్దులను మాత్రం సాస్‌లోనే ఉంచుకుంటున్నారు.