పార్నెల్ దిగిపోవలసిందా?

మా బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. గిరి గారి మీద ఆసక్తితో ఐర్లండు చరిత్ర చదవబోయి, ఆయన అక్కడ అడుగు పెట్టడానికి ఇరవై రెండేళ్ల ముందే కన్నుమూసిన పార్నెల్ దగ్గర ఆగిపోయాను. ఎందుకు ఆగానో చివర చెబుతాను.

చార్లెస్ స్టువర్ట్ పార్నెల్ ఐర్లండు స్వపరిపాలన కోసం బ్రిటిషు పార్లమెంటులో పోరాడిన నాయకుడు. 1885 ఎన్నికల్లో ఆయన పక్షానికి 86 స్థానాలు వచ్చాయి. మరుసటి ఏడే ప్రధాని గ్లాడ్‌స్టన్ హోం రూలు బిల్లు పెట్టాడు. బిల్లు ఓడింది గాని ఆశ చావలేదు. 1887లో పార్నెల్ హత్యలను సమర్థించాడంటూ టైమ్స్ పత్రిక కొన్ని ఉత్తరాలు అచ్చువేసింది. అవి దొంగ ఉత్తరాలని 1889లో విచారణలో తేలింది. జనం ఆయనను నెత్తిన పెట్టుకున్నారు.

ఆ ఏడు డిసెంబరులోనే, ఒకప్పుడు ఆయన పక్షంలో సభ్యుడిగా ఉన్న కెప్టెన్ ఓషే విడాకుల దావా వేసి, అందులో పార్నెల్ పేరు చేర్చాడు. ఓషే భార్య కేథరిన్‌తో పార్నెల్ సంబంధం 1880 నాటిది. లండన్ పెద్దలకిది కొత్త కాదు. గ్లాడ్‌స్టన్‌కూ పార్నెల్‌కూ మధ్య రాయబారాలు నడిపింది కేథరినే. తన పేరుకు మచ్చ రాదని పార్నెల్ సహచరుడు మైకేల్ డేవిట్‌కు మాటిచ్చాడు. దొంగ ఉత్తరాల సంగతి చూసినవారు కనుక అందరూ నమ్మారు.

1890 నవంబరులో దావా విచారణకు వచ్చింది. పార్నెల్ ఎదురు వాదించనే లేదు. తీర్పు వచ్చాక, తప్పుకోమన్న తొలివారిలో డేవిట్ ఒకడు. అయినా నవంబరు 25న పక్షం ఆయననే మళ్లీ నాయకుడిగా ఎన్నుకుంది. మర్నాడు గ్లాడ్‌స్టన్ ఉత్తరం పత్రికల్లో వచ్చింది. పార్నెల్ ఉంటే తన నాయకత్వం ఇక నామమాత్రమేనని దాని సారాంశం. బిషప్పులూ ఎదురు తిరిగారు. పార్లమెంటు భవనంలో పదిహేనో నంబరు గదిలో రోజుల తరబడి వాదులాట జరిగింది. డిసెంబరు 6న నలభై మందికి పైగా లేచి వెళ్లిపోయారు. పార్నెల్ మాత్రం దిగలేదు. 1891 జూన్‌లో కేథరిన్‌ను పెళ్లాడి, అక్టోబరులో 45వ ఏట మరణించాడు. చీలిన పక్షం మళ్లీ కలిసింది 1900లో.

ఆయన దిగిపోవలసిందనే నా అభిప్రాయం. కేథరిన్‌ను ప్రేమించినందుకు కాదు. తనను నమ్మినవారికి తప్పుడు మాట ఇచ్చినందుకు. 1963లో బ్రిటిషు యుద్ధమంత్రి ప్రొఫ్యూమో కూడా ఒక యువతితో సంబంధం విషయంలో సభకు అబద్ధం చెప్పి, అది బయటపడ్డాక రాజీనామా చేశాడు. ఆ తరువాత దశాబ్దాల పాటు తూర్పు లండన్‌లో పేదల సేవాసంస్థలో పనిచేశాడు. నాయకుడి ఇంటి సంగతి ఇంట్లోవారు తేల్చుకోవాలి. మనకిచ్చిన మాట సంగతి మనం అడగాలి.

ఇక మా ఊరి సంగతి. పాతికేళ్ల కిందట మా తెలుగు గ్రంథాలయం కార్యదర్శి గారి ఇంటి గొడవ వీధికెక్కింది. ఇల్లు దిద్దుకోలేనివాడు గ్రంథాలయాన్నేం దిద్దుతాడన్నారు పెద్దలు. పద్దు పుస్తకం చూపమని ఎవరూ అడగలేదు. అడిగితే పైసాతో సహా లెక్క తేలేది. తీసేద్దామన్నవారితో పాటు నేనూ చెయ్యెత్తాను. ఆయన బీరువా తాళాలు బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆయన ఇంటింటికీ తిరిగి తెచ్చే చందాలు ఆగిపోయాయి. సాయంత్రం పిల్లలకు అక్షరాలు నేర్పే తరగతీ ఆగిపోయింది. మా వీధి పిల్లలు ఇప్పుడు తెలుగు మాట్లాడతారు, చదవలేరు.

ఆయన మాకేమైనా అబద్ధం చెప్పారా? చెయ్యెత్తే ముందు ఆ ఒక్క ప్రశ్న నేను వేసి ఉండవలసింది.