చరిత్ర పాఠంలో తేజీ, మందీ

బజారులో ధరలు పెరిగితే తేజీ అంటాం, పడిపోతే మందీ అంటాం. మన ఉర్దూ మీడియం పిల్లలకు ఈ మాటలు ఇంట్లోనే తెలుసు. క్లాసులో మాత్రం తేదీలు బట్టీ పట్టించి ఊరుకుంటే, అవి మనుషుల బతుకుల్ని ఎలా తారుమారు చేశాయో వారికి అర్థం కాదు. ఒక్క ఉదాహరణ తీసుకుని చివరిదాకా చెప్పాలి. నేను పత్తి కథ చెబుతూ ఉంటాను.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఇంగ్లండు మిల్లులకు పత్తిలో ఎక్కువ భాగం అక్కడినుంచే వచ్చేది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించగానే మిల్లుల వారి చూపు మన దేశం మీద పడింది. బొంబాయిలో పత్తి ధర మండిపోయింది. కొత్త బ్యాంకులు, షేర్ల కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. దక్కను పల్లెల్లో షావుకార్లు రైతును పిలిచి మరీ అప్పులిచ్చారు.

1865లో యుద్ధం ముగిసింది. అమెరికా పత్తి మళ్లీ ఓడలెక్కింది. ఇక్కడ ధర కూలింది. ఆ ఏడాదే బొంబాయి షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. పల్లెల్లో కొత్త అప్పు పుట్టలేదు, పాత అప్పుకు వడ్డీ ఆగలేదు. పైగా సర్కారు భూమి శిస్తు పెంచింది. చివరకు 1875 మే 12న పూనా జిల్లా సూపేలో రైతులు తిరగబడి షావుకార్ల పత్రాలు తగలబెట్టారు. మరుసటి ఏడాది వానలు లేక మహాకరువు మొదలైంది. 1878 దాకా దక్కనుతో పాటు మన రాయలసీమ కూడా అల్లాడింది.

ఇంతా చెప్పి పిల్లలను మూడు ప్రశ్నలు అడగాలి. ధర ఎందుకు పెరిగింది? లాభం ఎవరికి దక్కింది? అప్పు ఎవరి మెడకు చుట్టుకుంది? జవాబులు వాళ్లే చెబుతారు. ఎక్కడో జరిగిన యుద్ధం తెచ్చిన తేజీ, ఆ యుద్ధంతోనే పోయింది. అప్పు మాత్రం రైతు దగ్గరే ఉండిపోయింది.

ఇది మనకు దూరపు కథ కాదు. 1973లో చమురు ధర పెరిగాక మన ఇళ్లనుంచి ఎందరో గల్ఫుకు వెళ్లారు. 2020లో కరోనా వచ్చినప్పుడు పని పోయి ఎందరో తిరిగొచ్చారు. అలాంటి ఏడాదిలో ఇంట్లో ముందుగా ఆగేది పిల్లల చదువు, అందులోనూ ఆడపిల్ల చదువు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి: ఇంటి జమాఖర్చు పిల్లల ముందు దాచకండి. సంఘం పెద్దలకు కూడా ఒక మాట. చందాలు బాగా వచ్చిన ఏడాది కొంత సొమ్ము విడిగా ఉంచండి. చెడ్డ ఏడాదిలో అది ఫీజులకు పనికొస్తుంది.