బొంతలో రూపమూ, శ్రమా

మన సాహిత్య విమర్శలో "అతుకుల బొంత" అనేది తిట్టు. కావ్యంలో ఏకత లేదనీ, ఎక్కడెక్కడివో ముక్కలు ఏరితెచ్చి కుట్టారనీ చెప్పదలిస్తే ఆ ఒక్కమాట చాలు. పాత చీరెలను పొరలుగా పరిచి, గట్టి ముక్కను పైకీ, చీకిన ముక్కను లోపలికీ అమర్చి, ఒత్తుగా కుట్లు వేసే స్త్రీ ప్రతి అడుగులోనూ ఒక నిర్ణయం చేస్తున్నదనీ, నిర్ణయం వున్నచోట కళ వుండగలదనీ మనం ఒప్పుకోలేదు. ఒప్పుకొన్నవారు ఏ పద్ధతిలో ఒప్పుకొన్నారో, దానివల్ల కుట్టిన చేతులకు ఒరిగిందేమిటో తెలుసుకోవడానికి అమెరికా బొంతల చరిత్ర బాగా పనికివస్తుంది.

అక్కడ వీటిని క్విల్టులంటారు. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్య దూది, అడుగున మరొక గుడ్డ, మూడింటినీ పట్టివుంచే కుట్టు: ఇదీ నిర్మాణం. 1971లో న్యూయార్కు నగరంలోని విట్నీ మ్యూజియం వీటిని మంచాల మీదినుంచి తీసి తెల్లగోడలకు తగిలించింది. జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాండర్‌హూఫ్ అనే ఇద్దరు సేకరించిన క్విల్టులవి. నైరూప్య చిత్రకారులు ఇరవయ్యో శతాబ్దంలో సాధించిన రేఖా వర్ణ విన్యాసాలను పల్లెటూరి స్త్రీలు అంతకు ముందే సాధించారని ఆ ప్రదర్శన చాటింది. మంచిదే. కాని ఆ స్త్రీలలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. పైగా బొంత గొప్పదనానికి కొలబద్ద చిత్రకారుని కాన్వాసే అయింది. రూపాన్ని మెచ్చుకొన్నారు, ఆ రూపాన్ని కన్న జీవితం గోడ వెనకే వుండిపోయింది.

ఆ జీవితం ఎటువంటిదో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ గ్రామం చెబుతుంది. నది మూడువైపులా చుట్టిన నేల అది. 1816లో జోసెఫ్ జీ అక్కడ పత్తితోట పెట్టాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. అతడు దాదాపు నూరుమంది బానిసలను నార్త్ కరొలినా నుంచి కాలినడకన అక్కడికి తరలించాడు. నేటికీ ఆ వూళ్ళో చాలామంది ఇంటిపేరు పెట్‌వేయే. బానిసత్వం చట్టంలో పోయినా కౌలూ అప్పూ మిగిలాయి. 1932లో, చనిపోయిన వర్తకుని బాకీల కింద అతని భార్య మనుషులు వచ్చి పశువులనూ పనిముట్లనూ తిండిగింజలనూ తోలుకుపోయారు.

ఇటువంటి యిళ్ళలో బొంత అలంకారం కాదు, చలికి అడ్డు. అరిగిన పనిబట్టలే దాని ముడిసరుకు. 1942లో మిసూరి పెట్‌వే చనిపోయిన తన భర్త పనిబట్టలన్నిటినీ విప్పి ఒక బొంత కుట్టింది. వెలిసిన నీలమూ, మోకాటిదగ్గర ముదురుగా మిగిలిన మచ్చా అందులో రంగులు. వాటిని రంగుల సమ్మేళనమని మాత్రమే చదివే విమర్శ సగం చదువు. ఆ వన్నెను అద్దింది ఎండా చెమటా.

1960ల పౌరహక్కుల పోరాటం ఈ బొంతలను సంతకు తెచ్చింది. నల్లవారు నది దాటి కామ్డెన్ పట్టణంలో ఓటర్లుగా నమోదు కావడానికి పూనుకొన్నారు. 1962లో రేవుబల్లకట్టు ఆగిపోయింది. అది మళ్ళీ నడిచింది 2006లోనే. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు, ఫ్రాన్సిస్ వాల్టర్ అనే పాదిరీ తోడ్పాటుతో, ఫ్రీడం క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకొన్నారు. ఎస్టెల్ విదర్‌స్పూన్ దాన్ని నడిపించింది. బొంత స్త్రీల చేతికి కూలి డబ్బు తెచ్చింది. అది చిన్న విజయం కాదు.

అయితే వైరుధ్యం ఇక్కడే వుంది. పెద్ద దుకాణాలు ఆర్డరిచ్చినప్పుడు నూరు బొంతలూ ఒకే కొలతలో, ఒకే నమూనాలో వుండాలన్నాయి. చేతికి తోచినట్లు కత్తిరించే అలవాటు అక్కడ దోషమైంది. కూలి కావాలంటే స్వేచ్ఛ వదులుకోవాలి. స్వేచ్ఛగా కుట్టింది ఇంటి మంచానికే. 1972లో సియర్స్ సంస్థకు కార్డురాయ్ దిండు గలీబులు కుట్టగా మిగిలిన ముక్కలు ఇళ్ళకు చేరి, ఆ వూరి అందమైన బొంతలలో కొన్నింటికి ప్రాణం పోశాయి. యాజమాన్యానికి అక్కరలేని చెత్తలోనే సృజన తలదాచుకొన్నదన్నమాట.

2002లో హ్యూస్టన్‌లోనూ, వెంటనే విట్నీలోనూ జీస్ బెండ్ బొంతల ప్రదర్శన జరిగింది. ఈసారి పేర్లు వున్నాయి, జీవితకథలు వున్నాయి. 1971తో పోలిస్తే ఇది ముందడుగు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతలతో పది బిళ్ళలు వేసింది. మరుసటి సంవత్సరమే కుట్టినవారిలో కొందరు తమ వాటా న్యాయంగా అందలేదని కోర్టుకెక్కారు. 2008లో రాజీ కుదిరింది. పేరు రావడం వేరు, ఫలం రావడం వేరు.

ఈ మధ్య అమెరికాలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఆధునిక క్విల్టుల ప్రదర్శనొకటి చూశాను. 2009లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన మోడరన్ క్విల్ట్ గిల్డ్ పెంచిన ధోరణి అది: ఏకరంగు గుడ్డలు, విశాలమైన ఖాళీలు, సరితూకం తప్పిన ముక్కలు. చేత్తో తాకనివ్వరు, తెల్లని చేతితొడుగులు వేసుకొన్న ఆమె అంచు ఎత్తి వెనకవైపు చూపుతుంది. ముక్కలు అతికినవారి పేరూ, కుట్టు వేసినవారి పేరూ చీటీమీద విడివిడిగా వేశారు. శ్రమను గుర్తించే ఈ పద్ధతి మన ప్రచురణకర్తలు నేర్వదగినది. కాని గజాల లెక్కన కొన్న కొత్తగుడ్డను కత్తిరించి మళ్ళీ అతకడం చూస్తే, లేమి నేర్పిన విద్య తీరిక చేతిలో శైలి అయిందని స్పష్టపడింది. పూర్వం గతిలేక వంకరపోయిన గీత ఇప్పుడు కోరి వంకరపోతున్నది.

ఇది దొంగతనమని నేననను. రూపాలు చేతులు మారుతూనే వుంటాయి. జానపదుని గేయం నుంచి మన కవులు తీసుకోలేదా? అడగవలసింది వేరు: తీసుకొన్నవాడు మూలాన్ని చెప్పాడా, మూలంలోనివాడి బతుకు మారిందా? ఫ్రీడం క్విల్టింగ్ బీ 2012లో మూతపడింది. దాని పేరెరగని ప్రదర్శనశాలలో ఆ వూరి రేఖలు మెరుస్తున్నాయంటే మన అభినందన అసంపూర్ణమే. తరగతిలో రూపాన్ని బోధించే ప్రతి అధ్యాపకుడూ దాని వెనకనున్న కూలిలెక్కను కూడా పలకమీద వేయాలి.