వ్యర్థజలాల విషతీవ్రత నిర్ధారణ: చేపల పరీక్ష, గణన విధానాలు

(నేపథ్య వ్యాసం)

పరిశ్రమల నుంచి వెలువడే వ్యర్థజలాలలో ఏ రసాయనం ఎంత పరిమాణంలో ఉన్నదో కొలవడం ఒక ఎత్తు. ఆ నీరు జీవులకు ప్రాణాంతకమా, కాదా అని తేల్చడం మరొక ఎత్తు. మొదటి పనికి రసాయన విశ్లేషణ సరిపోతుంది. రెండవ పనికి జీవపరీక్ష అవసరమవుతుంది. జీవపరీక్షలో లభించిన అంకెలను ఏ పద్ధతిలో, ఏ సాఫ్ట్‌వేర్‌తో లెక్కించారన్నదానిపైనే నివేదిక విశ్వసనీయత ఆధారపడి ఉంటుంది.

చట్టపరమైన ఆధారం

జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1974లో అమలులోకి వచ్చింది. 1984 డిసెంబరులో జరిగిన భోపాల్ విషవాయు దుర్ఘటన అనంతరం పార్లమెంటు 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. ఈ చట్టం కింద రూపొందిన నిబంధనలకు 1993లో ఆరవ షెడ్యూలును చేర్చి, వ్యర్థజలాల విడుదలకు సాధారణ ప్రమాణాలను నిర్దేశించారు. వీటి ప్రకారం నదులు, చెరువుల వంటి ఉపరితల జలాలలోకి వదిలే నీటిలో బి.ఓ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాములు, సి.ఓ.డి. 250 మిల్లీగ్రాములు మించరాదు. పి.హెచ్‌. విలువ 5.5 నుంచి 9.0 మధ్య ఉండాలి. వీటితో పాటు జీవపరీక్ష కూడా ఒక ప్రమాణమే. నీరు కలపని వ్యర్థజలంలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికి ఉండాలని ఆ ప్రమాణం పేర్కొంటున్నది.

రసాయన విశ్లేషణకు గల పరిమితి

బి.ఓ.డి., సి.ఓ.డి. విలువలు నీటిలోని మొత్తం సేంద్రియ భారాన్ని సూచిస్తాయి. ఆ భారంలో విషపదార్థం ఏదో అవి చెప్పవు. మెదక్ జిల్లాలో (ప్రస్తుత సంగారెడ్డి జిల్లా) పటాన్‌చెరు ప్రాంతపు అనుభవం ఇందుకు నిదర్శనం. ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం వెల్లడించింది. కొన్ని రకాల బాక్టీరియాకు విషతుల్యమయ్యే స్థాయికి ఇది వెయ్యి రెట్లకు పైగా అధికం. యాంటీబయాటిక్‌ల పరిమాణం సాధారణ ప్రమాణాల పట్టికలో లేని అంశం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశవ్యాప్తంగా 88 పారిశ్రామిక ప్రాంతాలను మదింపు చేసి, 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించింది. పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం ఈ జాబితాలో చోటు చేసుకున్నాయి.

చేపల పరీక్ష కూడా సర్వసమగ్రం కాదు. బాక్టీరియాను చంపే మందు చేపను వెంటనే చంపకపోవచ్చును. అందువలన చేపలతో పాటు డాఫ్నియా అనే సూక్ష్మ జలచరంపై 48 గంటలు, శైవలాలపై 72 గంటలు నిర్వహించే పరీక్షలను ఓ.ఈ.సి.డి. మార్గదర్శకాలు విడివిడిగా పేర్కొన్నాయి.

పరీక్షా విధానం

ఓ.ఈ.సి.డి. 203వ మార్గదర్శిక ప్రకారం కనీసం ఐదు గాఢతలలో, ఒక్కొక్క గాఢతకు కనీసం ఏడు చేపలను ఉంచి, 96 గంటల పాటు పరిశీలిస్తారు. శుభ్రమైన నీటిలో ఉంచిన పోలిక చేపలలో మరణాలు 10 శాతం మించితే పరీక్ష చెల్లదు. నీటిలో కరిగిన ప్రాణవాయువు సంతృప్త స్థాయిలో 60 శాతానికి తగ్గరాదు. ఈ షరతు మిక్కిలి ముఖ్యమైనది. బి.ఓ.డి. అధికంగా గల వ్యర్థజలం ప్రాణవాయువును త్వరగా హరిస్తుంది. అప్పుడు చేపలు విషం వలన చనిపోయాయా, ఊపిరాడక చనిపోయాయా అన్నది తేలదు.

సగం చేపలు మరణించే గాఢతను ఎల్‌.సి.50 అంటారు. ఈ విలువ ఎంత తక్కువైతే విషతీవ్రత అంత ఎక్కువ.

ఒక ఊహాత్మక ఉదాహరణ

వ్యర్థజలాన్ని 6.25, 12.5, 25, 50, 100 శాతం గాఢతలలో పరీక్షించి, ఒక్కొక్క దానిలో 10 చేపలను ఉంచారనుకుందాం. వరుసగా 0, 1, 4, 8, 10 చేపలు మరణిస్తే, స్పియర్‌మన్-కార్బర్ పద్ధతిలో ఎల్‌.సి.50 సుమారు 29 శాతం అవుతుంది. 95 శాతం విశ్వాస అవధి సుమారు 21 నుంచి 39 శాతం. అంటే 29 అన్నది ఒక అంచనా మాత్రమే. అవధి తెలుపకుండా దానిని ఖచ్చితమైన అంకెగా ప్రకటించడం సరికాదు. 100ను ఎల్‌.సి.50తో భాగిస్తే వచ్చే 3.5ను విష ప్రమాణం అంటారు. రెండు కర్మాగారాల వ్యర్థజలాలను పోల్చడానికి ఇది ఉపకరిస్తుంది.

గణనలో ప్రోగ్రామింగ్ భాషల పాత్ర

మోతాదుకు, మరణాలకు గల సంబంధాన్ని సరళరేఖగా మార్చే ప్రోబిట్ పద్ధతిని చెస్టర్ బ్లిస్ 1934లో ప్రతిపాదించారు. దశాబ్దాల పాటు ఈ లెక్కలు గ్రాఫు కాగితాలపై, పట్టికల సాయంతో జరిగాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన ‘ఆర్’ భాష 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. మోతాదు-స్పందన విశ్లేషణ కొరకు రిట్జ్, స్ట్రైబిగ్ రూపొందించిన ‘డి.ఆర్‌.సి.’ ప్యాకేజీ వివరాలు 2005లో ప్రచురితమయ్యాయి. ‘ఆర్’, పైథాన్ రెండూ ఉచితంగా లభించేవే.

వీటి ప్రయోజనం వేగం ఒక్కటే కాదు. స్ప్రెడ్‌షీటులో ఒక గడిలోని సూత్రం మారితే ఆ మార్పు కంటికి కనబడకపోవచ్చును. ప్రోగ్రామ్‌లో మాత్రం ప్రతి అంచె అక్షరరూపంలో నిలిచి ఉంటుంది. ముడి అంకెలు, ప్రోగ్రామ్ లభిస్తే మరొక ప్రయోగశాల అదే లెక్కను తిరిగి చేసి సరిచూడగలదు. జల చట్టానికి 1988లో చేర్చిన 33-ఎ సెక్షన్ కింద పరిశ్రమ మూసివేతకు ఆదేశించే అధికారం మండలికి ఉన్నది. దిగువ గ్రామాల నీరు, కార్మికుల ఉపాధి రెండూ ముడిపడిన నిర్ణయానికి ఆధారమయ్యే అంకె తిరిగి సరిచూడదగినదై ఉండాలి.

నివేదికలో పరిశీలించవలసిన అంశాలు

* నమూనా సేకరణ జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం జరిగినదా?
* పోలిక చేపలలో మరణాల శాతం, ప్రాణవాయువు స్థాయి నమోదైనవా?
* పరీక్షకు ముందు పి.హెచ్‌.ను సవరించినట్లయితే ఆ విషయం పేర్కొన్నారా?
* ప్రతి గాఢతలో మరణించిన చేపల సంఖ్య ఇచ్చారా, లేక తుది అంకె మాత్రమే ఇచ్చారా?
* గణన పద్ధతి, సాఫ్ట్‌వేర్ వెర్షన్, విశ్వాస అవధి తెలిపారా?

వీటిలో ఏ ఒక్కటి లోపించినా, ఆ వివరాన్ని ప్రయోగశాల నుంచి కోరిన తర్వాతనే ఫలితాన్ని ఉదహరించడం సముచితం.