సజీవ చరిత్ర ప్రదర్శనశాలలు: చేతి విద్యల పరిరక్షణ

పాత ఇళ్లను, కొలిములను, మగ్గాలను ఆరుబయట నిలబెట్టి, వాటిలో మనుషులు ఆనాటి పద్ధతిలోనే పని చేస్తుండగా చూపే సంస్థలను సజీవ చరిత్ర ప్రదర్శనశాలలు అంటారు. వీటికి నూట ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మొదట్లో ఇవి దాచాలనుకున్నది వస్తువులనే. వస్తువును చేసే విద్యను కూడా కాపాడుకోవాలన్న ఎరుక ఆలస్యంగా వచ్చింది, అదీ చాలాచోట్ల అవసరం తరుముకొచ్చాకే.

స్కాన్సెన్

1872 వేసవిలో ఆర్తర్ హాజీలియస్ (1833–1901) స్వీడన్‌లోని డాలర్నా ప్రాంతంలో తిరుగుతూ పల్లెవాళ్ల కట్టుబొట్టు మారిపోతుండడం గమనించాడు. మిల్లు బట్ట ఊళ్లలోకి వచ్చేస్తోంది. స్తూరా తూనాలో ఒక పావడా కొన్నాడు. ఆయన సేకరణకు అదే బోణీ. 1873లో స్టాక్‌హోమ్‌లో ప్రదర్శన తెరిచాడు. నార్డిక్ మ్యూజియానికి అదే మొదలు. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బొమ్మలకు పల్లె బట్టలు తొడిగి, ఇంటి దృశ్యాలుగా నిలబెట్టాడు. జనం మెచ్చారు గాని ఆయనకు తృప్తి కలగలేదు. 1885లో మోరా ఊరి నుంచి ఒక దుంగల ఇల్లు కొన్నాడు. ఆ ఇంటితో మొదలైన ఆరుబయలు ప్రదర్శనశాల 1891 అక్టోబరు 11న స్టాక్‌హోమ్‌లోని యూర్గార్డెన్ దీవి మీద తెరుచుకుంది. పేరు స్కాన్సెన్, అంటే చిన్న కోట. కాలక్రమంలో అక్కడికి దాదాపు 150 ఇళ్లు చేరాయి. పోలండ్, హంగరీ భాషల్లో ఇలాంటి ప్రదర్శనశాల ఏదైనా సరే ‘స్కాన్సెన్’ అనే అంటారు.

పాత కట్టడాలను ఒకచోట చేర్చడం హాజీలియస్‌తోనే మొదలు కాలేదు. స్వీడన్, నార్వేలకు రాజైన రెండో ఆస్కార్ 1881 నాటికే ఇప్పటి ఓస్లో దగ్గర ఆ పని ప్రారంభించాడు. పొయ్యిలో నిప్పు రాజేసి ఇంట్లో మనుషుల్ని ఉంచడం మాత్రం హాజీలియస్ చేసిన కొత్త పని. అందులో మెచ్చుకోలేని భాగమూ ఉంది: ఉత్తరాది ఆదివాసులైన సామీ జాతి కుటుంబాలను రెయిన్‌డీర్‌లతో సహా తెచ్చి చూపరుల ముందు నివసింపజేశారు. మనిషినే ప్రదర్శనవస్తువుగా చూసే ఈ అలవాటు ఈ సంస్థలను ఈనాటికీ పూర్తిగా వదల్లేదు. అదే ఆవరణలో 1910లో చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ చొరవతో దేశం నలుమూలల నుంచీ పల్లె ఫిడేలు వాద్యకారులు కలిశారు. ఫిడేలును బీరువాలో పెట్టి తాళం వేయవచ్చు, దాని మీద పలికే వరసను వాయించేవాడే మోయాలి.

విలియమ్స్‌బర్గ్

అమెరికాలోని వర్జీనియాలో డబ్ల్యు.ఎ.ఆర్. గుడ్విన్ అనే మతాచార్యుడి ప్రోద్బలంతో, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో 1926లో విలియమ్స్‌బర్గ్ పట్టణ పునరుద్ధరణ మొదలైంది. ముందు గోడలు లేచాయి, ఆ తర్వాత పనివాళ్లు వచ్చారు. పద్దెనిమిదో శతాబ్దపు తుపాకులు మ్యూజియాల్లో బోలెడన్ని ఉన్నా, ఆనాటి పనిముట్లతో ఒక తుపాకిని మొదటినుంచి చివరిదాకా చేయగలిగినవారు 1960ల నాటికి కరవయ్యారు. ఇక్కడి తుపాకుల పనివాడు వాలెస్ గస్లర్ పాత తుపాకుల మీది పనిముట్ల గుర్తులు పరిశీలిస్తూ ఆ విద్యను మళ్లీ పట్టుకున్నాడు. ఇనుప పట్టీని కొలిమిలో తెల్లబడేదాకా కాల్చి, కడ్డీ చుట్టూ మలిచి, అంచులు అతుక్కునేదాకా సమ్మెట పోటు వేస్తే గొట్టం తయారవుతుంది. వేడి కాస్త తగ్గితే అతుకు పడదు, మించితే ఇనుము కాలిపోతుంది. ఈ పని 1969లో సినిమాగా వచ్చింది. ఇప్పుడు అక్కడి దుకాణాల్లో శిష్యరికం ఏళ్ల తరబడి సాగుతుంది.

ఆనాటి ఆ ఊళ్లో సగానికి పైగా జనం నల్లజాతివారు, దాదాపు అందరూ బానిసలు. వాళ్ల జీవితాన్ని చూపే కార్యక్రమాలు 1979లో గాని మొదలు కాలేదు. 1994 అక్టోబరులో బానిసల వేలాన్ని నటించి చూపినప్పుడు నల్లజాతి హక్కుల సంఘాల నుంచే నిరసన వచ్చింది. చేతి విద్య గురించి మాట్లాడినప్పుడు ఆ చేతులెవరివన్న ప్రశ్న తప్పదు.

చట్టాలు, ఒప్పందాలు

విద్యకు చట్టపు రక్షణ కల్పించడంలో జపాన్ ముందుంది. 1950 నాటి సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం కట్టడాలతో పాటు కళానైపుణ్యాలకూ చోటిచ్చింది. యునెస్కో అదే దారిలో 2003 అక్టోబరు 17న అమూర్త సాంస్కృతిక వారసత్వ ఒప్పందాన్ని ఆమోదించింది. భారత్ అందులో 2005లో చేరింది, ఒప్పందం 2006లో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం విద్య దాన్ని ఆచరించే సమూహానిది. ప్రదర్శనశాల సాయం చేయవచ్చు, సొంతదారు కాలేదు.

గెడెలాన్

పాతవాటిని దాచడం మాని కొత్తగా కట్టడమే పరిరక్షణ అన్న చోటు ఇది. ఫ్రాన్స్‌లోని బర్గండీలో ట్రెయినీ ఊరి దగ్గర మిషెల్ గుయో చొరవతో 1997లో పదమూడో శతాబ్దపు పద్ధతిలో ఒక కోట కట్టడం మొదలుపెట్టారు. రాయి అక్కడి గనిదే, కలప చుట్టూ ఉన్న అడవిదే. బరువులెత్తే చక్రాన్ని మనుషులు లోపల నడుస్తూ తిప్పుతారు. నిజానికి ఆ కోటతో ఎవరికీ పని లేదు. దాన్ని కట్టడం కోసమే కడుతున్నారు.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ చర్చి పైకప్పు కాలిపోయాక గాని ఆ పని విలువ లోకానికి తెలియలేదు. కాలిన దూలాలు పచ్చి ఓక్ దుంగల నుంచి గొడ్డలితో చెక్కినవి. మళ్లీ అలాగే చెక్కాలనుకున్నప్పుడు పనిలో దిగిన వడ్రంగుల్లో గెడెలాన్‌లో చేయి తిరిగినవారున్నారు. రంగు పూసిన దారంతో దుంగ మీద గీత కొట్టి, గీత దాకా వరసగా గాట్లు పెట్టి, గాట్ల మధ్య చెక్క ఎగరగొట్టి, చివరికి వెడల్పు గొడ్డలితో సాపు చేస్తారు. రంపం నారను అడ్డంగా కోసుకుపోతుంది. గొడ్డలి నార వెంటే పోతుంది కనుక చెట్టు ఎంత వంగితే దూలమూ అంతే వంగి, బలం చెడకుండా నిలుస్తుంది. చర్చి 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది.

భారతదేశంలో

ఢిల్లీలోని జాతీయ హస్తకళల మ్యూజియంలో ఉన్న గ్రామ విభాగం 1972 నాటి అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన కోసం కట్టినది. వివిధ రాష్ట్రాల కళాకారులు వంతులవారీగా వచ్చి అక్కడ పని చేసి చూపే ఏర్పాటు ఉంటూ వచ్చింది. హైదరాబాద్ శిల్పారామం 1992 నాటిది. అందులో పల్లె ప్రదర్శన ఉన్నా, సంతకు వచ్చేవారే ఎక్కువ.

స్కాన్సెన్ పోలికకు దగ్గరగా వచ్చేది చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్ర. డెబోరా త్యాగరాజన్ 1984లో స్థాపించిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దీన్ని 1996 డిసెంబరులో తెరిచింది. దక్షిణాది రాష్ట్రాల ఇళ్ల మధ్య తెలుగువారివీ ఉన్నాయి: విశాఖ తీరం హరిపురం తీరు చుట్టిల్లు, నల్లగొండ ప్రాంతపు కొయ్యలగూడెం నేతగాడి ఇల్లు. చుట్టిల్లు కప్పు తుపాను గాలికి ఎగరకుండా నేల దాకా జారుతుంది. పెంకుటిల్లు కట్టి వదిలేస్తే చాలాకాలం నిలుస్తుంది. ఆకు కప్పు అలా కాదు, కొన్నేళ్లకొకసారి దించి మళ్లీ నేయాల్సిందే. కప్పు పాడైనప్పుడల్లా అది నేయగలిగినవాళ్లను వెతకాలి.

నేత ఇంటి చిక్కు వేరు. చూపరి కంటికి ఆనేది మగ్గం, నాడె ఆడే చప్పుడు. కొయ్యలగూడెం వైపు ఇక్కత్ విద్యలో సగానికి పైగా మగ్గమెక్కక ముందే అయిపోతుంది: దారాన్ని ఆసు పోయడం, రంగు అంటకూడని చోట లెక్క ప్రకారం చిటికి కట్టడం, రంగుకో కట్టు విప్పుతూ అద్దకం వేయడం. ఒక ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చేసే ఈ పని గంటసేపు తిరిగివెళ్లే సందర్శకుడికి కనబడదు. ఆసు పోసేది ఎక్కువగా ఆడవాళ్లు. అర్ధచంద్రాకారపు మేకుల చుట్టూ ఒక్కో చీరకు వేలసార్లు చేయి అటూఇటూ ఊపాలి. చూడవచ్చినవాళ్లకు ముచ్చటైన ఆ ఊపు నేతగాడు చింతకింది మల్లేశం తల్లి లక్ష్మికి భుజం నొప్పి. ఆమె అవస్థ చూసి ఆయన చేసిన యంత్రం 1999లో పని మొదలుపెట్టింది. దానికి ఆమె పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం.