గాలి దూరే బట్ట

మా ఇంట్లో కుట్టుమిషను పక్కనే ఒక ప్రమిద ఉంటుంది. జాతరలో నిప్పుకర్ర తిప్పే పిల్లలకి బట్టలు కుట్టాల్సి వచ్చినప్పుడు, కత్తెర పెట్టేముందు తానులోంచి ఒక పోగు లాగి దీపానికి చూపిస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. ఉన్నికి వెంట్రుకల కమురు వాసన, మంట తీస్తే తనంతట తనే ఆరుతుంది. పాలిస్టరు ముడుచుకుని కరిగి, చివర నల్లపూసలా గట్టిపడుతుంది. వేడిగా ఉండగా ఆ పూస ఒంటికి అంటుకుంటే తోలుతో సహా ఊడుతుంది.

నిప్పు దగ్గరికి నూలుబట్ట కట్టుకోవాలి అని మా అమ్మ చెప్పింది, నేనూ అదే చెబుతూ వచ్చాను. అది సగం మాటేనని నాకు తెలిసింది పారిస్‌లో నూట అరవై ఏళ్ళ కిందట కాలిపోయిన ఒక పిల్ల కథ చదివాక. ఆ పిల్ల కట్టుకున్నదీ నూలే.

పేరు ఎమ్మా లివ్రీ. 1842లో పుట్టింది. పారిస్ ఒపెరాలో నాట్యగత్తె. ఆమెకి గురువు మారీ టాల్యోనీ. 1832లో ‘లా సిల్ఫీడ్’ ఆడి, తెల్లటి పలచని కుచ్చుల పావడాని బాలే నాట్యానికి గుర్తుగా నిలిపింది టాల్యోనీయే. ఆ పావడా పొరలు పొరలుగా మస్లిన్, గాజుగుడ్డ. పోగుకీ పోగుకీ మధ్య గాలి, పొరకీ పొరకీ మధ్య గాలి. పొయ్యి రాజేసేటప్పుడు పుల్లలు ఎడంగా పేర్చినట్టే ఇది కూడా. దానికి తోడు ఆ ఒపెరా రంగస్థలం మీదికి 1822 నుంచే గ్యాసు దీపాలు వచ్చాయి. ముందువరసలో, పక్కతెరల్లో మండుతూ ఉండేవి.

ప్రమాదం ఎవరికీ తెలియనిది కాదు. 1844 డిసెంబరులో లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో క్లారా వెబ్‌స్టర్ పావడాకి వేదిక మీదే దీపం అంటుకుంది, రెండు మూడు రోజుల్లో పోయింది. ఇంకా ముందు, 1821లోనే, గే-లుసాక్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్సు రాజు కోరిక మీద పరిశోధన చేసి, అమ్మోనియం లవణాలూ వెలిగారమూ కలిపిన నీళ్ళలో ముంచిన గుడ్డ మంట పట్టదని చూపించాడు. తర్వాత కార్టెరాన్ అనే ఆయన అలాంటి మందునే నాటకాల బట్టలకి తెచ్చాడు. 1859 నవంబరులో ప్రభుత్వం ఆ మందు తప్పనిసరి చేసింది.

ఎమ్మా ఒప్పుకోలేదు. మామూలు పావడాతోనే ఆడతాను, ఏం జరిగినా బాధ్యత నాదే అని 1860లో ఒపెరా అధికారికి ఉత్తరం రాసింది. 1862 నవంబరు 15న ‘పోర్టీచీ మూగపిల్ల’ అనే ఒపెరాకి రిహార్సలు. కూర్చునే ముందు కుచ్చులు నలగకుండా పైకి దులిపింది. ఆ గాలికి పక్కనున్న గ్యాసు మంట ఎగసి అంటుకుంది. ఎనిమిది నెలలు మంచం మీద నరకం చూసి 1863 జూలై 26న కన్నుమూసింది. ఇంకా ఇరవై ఒకటి నిండలేదు.

మొండితనం, అందం మీద మోజు అంటారు ఈ కథ చెప్పేవాళ్ళు. బట్టలు కుట్టే మనిషిగా నేను ఆ మాట ఒప్పుకోలేను. ఒకసారి గజం మల్లుగుడ్డ తీసుకుని పటికా వెలిగారమూ కరిగించిన నీళ్ళలో ముంచి ఆరేశాను. సాయంత్రానికి అప్పడంలా బిగుసుకుపోయింది. మడత పెడితే మడత మీద తెల్లటి పొడి రాలింది. నిప్పు చూపిస్తే మాత్రం నల్లబడిందే గానీ భగ్గుమనలేదు. మర్నాడు ఉతికి ఆరేసి మళ్ళీ చూపిస్తే కాగితంలా అంటుకుంది. గాలిలో తేలుతున్నట్టు కనబడటమే ఆ పిల్ల విద్య. ఆమె చేతికి ఇచ్చింది బిరుసెక్కిన, పసుపు తిరిగిన గుడ్డ. ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, కట్టుకోదగ్గ బట్ట ఎవరూ ఇవ్వలేదు. ఉతికినా మందు పోని నూలుగుడ్డ పద్ధతిని పెర్కిన్ అనే రసాయన శాస్త్రవేత్త 1912లో ప్రకటించాడు. ఎమ్మా పోయి అప్పటికి దాదాపు యాభై ఏళ్ళు.

అది చదివినప్పటి నుంచి నా దగ్గర పలచటి వాయిలు, జార్జెట్టు, వదులు చేతులు, వేలాడే కండువా లేవు. దళసరి నేత నూలు, ముతక జీన్సు, ఒంటికి పట్టి ఉండే నడికట్టు. జరీ అంచూ వద్దంటాను, ఈ రోజుల్లో చవక జరీ చాలావరకు ప్లాస్టిక్కే.

అన్నీ చూసుకున్నాననుకున్న ఏడాదే నా తప్పు బయటపడింది. మా వీధి కుర్రాడు కాగడా తిప్పుతుంటే కిరసనాయిలు చుక్క ముంజేతి మీద పడింది. వెంటనే తడిగోనె వేసి ఆర్పారు. మర్నాడు వచ్చి చెయ్యి చూపించి, “అత్తా, చొక్కా బాగానే ఉంది, కుట్టే కాలింది” అన్నాడు. మణికట్టు చుట్టూ వరసగా చిన్న చిన్న చుక్కలు, నా మిషను వేసిన కుట్టు ఎక్కడెక్కడ పడిందో అక్కడల్లా. గుడ్డ అసలైన నూలు. దారం పాలిస్టరు. తానులోంచి పోగు లాగి కాల్చి చూశానే గానీ, కండెలోంచి దారం తీసి ఏనాడూ చూడలేదు.

ఇప్పుడు నూలుదారం వేరే డబ్బాలో పెట్టుకుంటాను. మిషను మీద తొందరగా తెగుతుంది, పని ఆలస్యమవుతుంది, అయినా అదే వాడతాను.

ఎమ్మా ఒంటి మీద మిగిలిన పీలికలు కొన్ని పారిస్ ఒపెరా మ్యూజియంలో దాచి ఉంచారు. అద్దం పక్కకి జరిపి ఒక్కసారి దగ్గరగా చూడనిస్తే, ముందు కుట్టే వెతుకుతాను. అన్ని పొరల కుచ్చులు ఎంత సన్నగా పట్టి ఉంటుందో ఆ కుట్టినామె.