మోతాదు చదువు



మందులు కనిపెట్టిన మహానుభావుల కథలు మనం చాలా విన్నాం. ఆ మందుల్ని వాడే విద్య మాత్రం వైద్యం చదివే పిల్లలు ఎలా నేర్చుకున్నారన్నది అంతగా ఎవరూ చెప్పరు. డాక్టరు చదువుకి వెళ్ళే పిల్లకైనా, నర్సు ట్రైనింగుకి వెళ్ళే పిల్లకైనా, ఫార్మసీ చదివే కుర్రవాడికైనా తప్పని సబ్జెక్టు ఒకటుంది. దాని పేరు ఫార్మకాలజీ. పేరుకి నోరు తిరగదు గానీ, లోపలున్నవి ముఖ్యంగా రెండే ప్రశ్నలు. మందు ఒంటిని ఏం చేస్తుంది? ఒళ్ళు ఆ మందుని ఏం చేస్తుంది? మింగిన గోలీ పొట్టలో కరిగి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి, చాలావరకు కాలేయంలో రూపు మారి, మూత్రంలోనో మరో దారినో బయటికి పోతుంది. ఈ ప్రయాణం తెలిస్తేగాని రోజుకి ఒకసారా మూడుసార్లా, అన్నానికి ముందా తర్వాతా అన్నది తేలదు.

ఇదంతా తెల్లవాళ్ళతో వచ్చిన విద్య అనుకుంటాం. పుస్తకం వాళ్ళదే కావచ్చు, మందుకి ఒక కట్టుబాటు ఉండాలన్న ఎరుక మాత్రం మనకి పాతదే. అమరావతి వెళ్ళినప్పుడు ఏం చేస్తాం? కృష్ణలో మునిగి, అమరేశ్వరుడి దర్శనం చేసుకుని బస్సెక్కేస్తాం. నాలుగడుగులు వేసి స్తూపం దాకా వెళ్ళేవాళ్ళం తక్కువే. రెండువేల ఏళ్ళ కిందట ఆ స్తూపాన్ని అంటిపెట్టుకుని బౌద్ధ భిక్షువులుండేవారు. భిక్షువుల నియమాలన్నీ వినయపిటకంలో ఉన్నాయి. జబ్బుపడ్డ భిక్షువుకి నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే అయిదింటినీ మందుగా పుచ్చుకోవడానికి అనుమతి ఉంది. అయితే తీసుకున్నవాటిని ఏడు రోజులకు మించి దాచుకోకూడదు. దాచుకునే ఆశ పెరగకుండా పెట్టిన నియమమే అది, పాడవుతుందన్న భయంతో పెట్టింది కాదు. అయినా మందుకి గడువు పెట్టిన మాట నిజమే గదా!

పల్నాడులోనే మాచర్ల దాటి ముందుకెళితే నాగార్జునకొండ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి అది. సాగర్ నీళ్ళు వచ్చి ముంచెయ్యక ముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. అక్కడి శాసనం ఒకదానిలో జ్వరాలయం అన్న మాట ఉంది. జ్వరపడ్డవాళ్ళు కోలుకునే ఇల్లు కావచ్చునని పండితులు అర్థం చెప్పారు. పాదరసంతో మందులు చేసిన సిద్ధ నాగార్జునుడి పేరు కూడా జనం ఈ కొండకే ముడిపెడతారు గానీ, ఆయన వేరు, బౌద్ధాచార్యుడు వేరు అని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. ఆ తగవు మనకెందుకు లెండి.

మాట వచ్చింది కాబట్టి ‘మాత్ర’ అన్న మాటే చూడండి. సంస్కృతంలో దానికి అర్థం కొలత, పరిమాణం. మనం గోలీని మాత్ర అంటున్నామంటే దాని కొలతతోనే దానికి పేరు పెట్టామన్నమాట. విషమైనా తగినట్టు వాడితే మందవుతుందనీ, మందైనా తెలియక వాడితే విషమవుతుందనీ చరకుడు ఏనాడో చెప్పాడు. మన అమ్మమ్మలు గురిగింజెత్తు, పెసరగింజంత అని కొలిచి ఉగ్గుగిన్నెలో రంగరించి పోసింది కూడా ఈ లెక్కతోనే. ఆ తర్వాత కాంపౌండర్ల కాలం వచ్చింది. ఎర్రటి మిక్చరు సీసాకి పక్కన పళ్ళు పళ్ళుగా కత్తిరించి అంటించిన కాగితం మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. చదువురాని ముసలమ్మ కూడా తప్పులేకుండా తాగగలిగేది. అంతకంటే తెలివైన లేబులు నేనింకా చూడలేదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923లో అమెరికా వెళ్ళారు. ఆయనా, ఆయన దగ్గర పనిచేసినవాళ్ళూ వెలికితీసిన మందుల్లో బోదకాలు మందు ఒకటి. 2004 తర్వాత ఆ జబ్బున్న జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి ఆ మాత్రలు పంచినప్పుడు ముందు అడిగింది వయసే. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకి 100 మిల్లీగ్రాములు, ఆరు నుంచి పద్నాలుగు దాకా 200, ఆపైన 300. రెండేళ్ళలోపు పసివాళ్ళకీ, గర్భిణులకీ, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకీ వద్దన్నారు. ఒకే మందు, ఒకే ఇల్లు, మనిషికో కొలత.

ఇక అసలు కథకి వస్తాను. కొలత తప్పితే ప్రాణం పోయే మందు ఒకటి పట్టుకుని, మన హైదరాబాదులో పిల్లలు ఈ విద్య నేర్చారు. ఆ మందు క్లోరోఫారం.

1847లో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు దీన్ని మత్తుకి వాడి చూపించాడు. అంతకుముందు ఏడాది నుంచే ఈథరు వాడుకలోకి వచ్చింది. ఇవి రాకముందు ఆపరేషనంటే నలుగురు పట్టుకుంటే ఒకరు కొయ్యడమే. క్లోరోఫారం వచ్చి రెండు మూడు నెలలు కాకుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి వేలి గోరు తీయించుకోవడానికి వెళ్ళి, మత్తు ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. గోరు కోసం ప్రాణం! అప్పటినుంచీ డాక్టర్లు రెండు జట్లయిపోయారు. గుండె ఆగి చనిపోతున్నారు, నాడి పట్టుకుని చూస్తూ ఉండాలని ఒక జట్టు. కాదు, ముందు ఊపిరి ఆగుతోంది, ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలని రెండో జట్టు.

ఈ రెండో జట్టులో గట్టి మనిషి ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాదు వచ్చి, 1846 నుంచీ నడుస్తున్న వైద్య పాఠశాలకి పెద్ద అయ్యాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా ఆయన చేతికిందే. ఆ ఏడాదే ఆయన పట్టుబట్టి అయిదుగురు ఆడపిల్లల్ని ఆ పాఠశాలలో చేర్చుకున్నాడు. పరదా చాటున ఆడవాళ్ళు మగ డాక్టరుకి చెయ్యి చూపించడానికి కూడా ఒప్పుకోక, కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకునే రోజులవి. ఆ అయిదుగురిలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ అమ్మాయి. ప్రపంచంలో మత్తు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్న తొలి మహిళా వైద్యురాలు ఈమేనని వైద్యచరిత్ర రాసినవాళ్ళు పలువురు చెబుతారు.

లారీ దగ్గర క్లోరోఫారం ఇచ్చే పని విద్యార్థులే చేసేవారు. ఆయన నేర్పిన పద్ధతి చెబుతాను, మన వంటింటి బుద్ధికి కూడా అందే పద్ధతి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ, ఛాతీ, పొట్ట దగ్గర బట్టలు వదులు చెయ్యాలి. మందుని మూతికి బిగించకుండా, గాలి ఆడేటట్టు గరాటులాంటి దానిలో పట్టాలి. రోగి భయపడి పెనుగులాడనివ్వకూడదు. ఎందుకంటే పెనుగులాడే మనిషి ఊపిరి బిగబడతాడు. బిగబట్టినవాడు ఎంతసేపుంటాడు? ఒక్కసారిగా గుండెలనిండా లాగుతాడు. దాంతో కొంచెం కొంచెంగా పోవలసిన మందు ఒక్క గుక్కలో లోపలికి పోతుంది. పీల్చిన మందు పొట్టలో కరగనక్కర్లేదు గదా, ఊపిరితిత్తుల్లోంచి నేరుగా రక్తంలోకి, అక్కణ్ణించి మెదడుకి. కాబట్టి ఊపిరి బిగిసిందంటే గరాటు తీసెయ్యాలి. కంటిపాప మీది పొరని తాకినా రెప్ప కదలకపోతే మత్తు పూర్తయినట్టే, ఇక అక్కడితో ఆపాలి. ఇచ్చేవాడి చూపు ఊపిరి మీదే ఉండాలి. కోసే డాక్టరు ఏం కోస్తున్నాడో చూడకూడదు.

వేలమందికి ఇచ్చాం, ఒక్క చావూ లేదని లారీ చాటుకున్నాడు. 1888లో కొన్ని ప్రయోగాలు చేయించి ప్రకటిస్తే లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లిచ్చి, మీ మనిషినే పంపి చూసుకోమంది. లాన్సెట్ పంపిన మనిషి సామాన్యుడు కాడు. లాడర్ బ్రంటన్. ఫార్మకాలజీకి ఆ రోజుల్లో పిల్లలు చదివే పెద్ద పుస్తకం, 1885లో వచ్చింది, ఆయన రాసిందే. గుండెనొప్పికి ఎమిల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపించింది కూడా ఆయనే. గుండెకే ప్రమాదమన్న అభిప్రాయంతో వచ్చిన ఆయన 1889 చివర్లో కుక్కలూ, కోతులూ, గుర్రాలూ, మేకలూ కలిపి నాలుగువందలకు పైగా జంతువుల మీద పరీక్షలు చూశాడు. చూసి, ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లా, మోతాదు మించడం వల్లానే గాని గుండెకి నేరుగా ఏమీ లేదని లండనుకి తంతి కొట్టాడు. పాఠం చెప్పే పంతులు ఇంకొకరి ఊళ్ళో తన పాఠం దిద్దుకోవడం నాకు బాగా నచ్చింది. ఆ మూగజీవాల సంగతి తలుచుకుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

లారీ గెలిచాడనుకున్నారు. ఇంగ్లండులో మాత్రం చావులు ఆగలేదు. రూపాబాయి హైదరాబాదు ఆసుపత్రుల్లో ఏళ్ళతరబడి మత్తు ఇచ్చి, తనకింకా తెలియాల్సింది ఉందని 1909లో ఎడింబరో వెళ్ళారు. మత్తు ఇచ్చే విద్యకని వేరే చదువు అప్పట్లో లేదు. అందుకని ఆమె భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకున్నారు. ఆవిరి ఎలా లేస్తుంది, ఎంత గాలిలో ఎంత మందు కలుస్తుంది అన్నది ఆ శాస్త్రాల్లోనే ఉంది మరి.

1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద ఇంకో సంగతి తేల్చాడు. ఎక్కువ మోతాదు కాదు, తక్కువ మత్తులోనే, సగం మెలకువలో ఉండగా ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి, గజగజ వణికి ఆగిపోతుంది. మనిషి బాగా భయపడినప్పుడు ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. అంటే మోతాదు మించితే ఊపిరికి ప్రమాదమన్న లారీ మాటా నిజమే, గుండెకి ప్రమాదమన్న ఎదుటి జట్టు మాటా నిజమే. గోరు తీయించుకోవడానికి బెదురుతూ కూర్చున్న ఆ పదిహేనేళ్ళ పిల్ల చావుకి కారణం ఇదే అయి ఉండవచ్చునని తర్వాత చాలామంది అన్నారు.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదల్లో పోయింది. ఆ తర్వాత కట్టిందే ఉస్మానియా ఆసుపత్రి. ఆ పాఠశాల ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. 1956లో హాలోథేన్ వచ్చాక క్లోరోఫారం ఆపరేషను గదుల్లోంచి దాదాపుగా వెళ్ళిపోయింది. ఎడింబరో నుంచి తిరిగివచ్చిన రూపాబాయి మాత్రం హైదరాబాదులోనే ఉండి, పదవీ విరమణ దాకా ఆసుపత్రి పనే చేశారు.